కారు బ్యాటరీకి 5 వాట్ల సోలార్ ప్యానెల్: నీలం లైటు వెలుగుతోంది, బండి లేవడం లేదు

ఆగిన చక్రం | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నెలలో సగానికి పైగా బయటి ఊళ్లలో తిరిగే ఉద్యోగం నాది. కారు ఆరుబయటే ఉంటుంది. ఎండకు లోటు లేదు కానీ దగ్గరలో కరెంటు ప్లగ్గు లేదు. ఒకప్పుడు నెల తర్వాత వచ్చి తాళం తిప్పినా కాస్త మూలిగి స్టార్ట్ అయ్యేది. ఈ మధ్య పన్నెండు రోజులకే చచ్చిపోతోంది. టక్ టక్ మని చప్పుడు, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారి ఆరిపోవడం, ఆ తర్వాత నేను కేబుళ్లు పట్టుకుని పక్కవాళ్ల తలుపు తట్టడం.

అందుకని 5 వాట్ల సోలార్ ప్యానెల్ కొన్నాను. ముందు అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద పరిచి, వైరును సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టాను. ప్యానెల్ మూలన నీలం లైటు చక్కగా మినుకుమంటోంది. హమ్మయ్య అనుకుని వెళ్లాను. పద్నాలుగో రోజున తిరిగొస్తే నీలం లైటు అలాగే మినుకుమంటోంది, బ్యాటరీ మాత్రం 11.4 వోల్టులు.

బ్యాటరీ 12 వోల్టులు, 45 ఆంపియర్ అవర్లు (ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే లెక్క), నీళ్లు పోసే రకం, వయసు నాలుగేళ్లు. పెద్ద ప్యానెల్ కొనాలా, బ్యాటరీయే మార్చాలా?

---

పాతకాపు | సోమవారం, రాత్రి 9:40

రెండూ వద్దు. వెళ్లేటప్పుడు నెగటివ్ టెర్మినల్ విప్పేయండి. ఒక్క స్పానరు, ఒక్క నిమిషం. నేను పదిహేనేళ్లుగా చేస్తున్నది ఇదే. ఎండ, ప్యానెల్, నీలం లైటు అంటూ ఈ హంగామా అంతా ఎందుకో నాకు అర్థం కాదు.

---

ఎండపొడ | సోమవారం, రాత్రి 10:05

పాతకాపు గారు చెప్పినది తప్పు కాదు. అయితే ఇప్పటి కార్లలో టెర్మినల్ విప్పితే గడియారం, కిటికీ అద్దాల ఆటోమేటిక్ సెట్టింగులు పోతాయి, దొంగల అలారం పని చేయదు, కొన్నింటిలో మ్యూజిక్ సిస్టమ్ కోడ్ అడుగుతుంది. సెంట్రల్ లాక్ కూడా పలకదు కాబట్టి తాళంతో డోర్ తీసే బండి అయితేనే సుఖం.

ఆగిన చక్రం గారూ, ప్యానెల్ పక్కన పెట్టి ముందు ఒక్క సంగతి చూడండి. ఆ సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి, తాళం తీసేసి, డోర్లు లాక్ చేసి అరగంట ఆగండి. బయటి నుంచి అద్దంలో చూస్తే ఛార్జర్ లైటు వెలుగుతోందా?

---

ఆగిన చక్రం | మంగళవారం, ఉదయం 7:20

చూశాను. తాళం తీయగానే ఆరలేదు, అందుకే ఇన్నాళ్లూ నేను పట్టించుకోలేదు. కానీ పది నిమిషాలు గడిచాక ఆరిపోయింది. దీని అర్థం నేను అనుకుంటున్నదేనా?

---

ఎండపొడ | మంగళవారం, ఉదయం 7:48

అదే. తాళం తీసిన కాసేపటికి కారు ఆ సాకెట్‌ను బ్యాటరీ నుంచి విడదీస్తుంది. అప్పటి నుంచి మీ ప్యానెల్‌కు, బ్యాటరీకి మధ్య దారే లేదు. ఆ పద్నాలుగు రోజులూ ప్యానెల్ పోషించింది ఒక్క నీలం లైటునే.

చాలా చిన్న ప్యానెళ్లలో ఆ లైటు చెప్పేది ‘నా మీద వెలుతురు పడుతోంది’ అని మాత్రమే, బ్యాటరీలోకి కరెంటు పోతోందని కాదు. అట్ట మీద ‘సాకెట్‌లో పెడితే చాలు’ అని అచ్చు వేసేవాళ్లకు ఈ సాకెట్లలో సగం తాళంతో పాటే నిద్రపోతాయని తెలియక కాదు.

---

గ్రీజు చేతులు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు పని చేసినవాణ్ణి. నాకు సాకెట్ కన్నా ఇంకో మాట ముఖ్యంగా కనబడుతోంది. ‘ఒకప్పుడు నెల, ఇప్పుడు పన్నెండు రోజులు.’ బ్యాటరీ ముసలిదై ఉండవచ్చు, కాదనను. కానీ బ్యాటరీ ముసలితనం ఇలా ఒక్కసారిగా రాదు. ఏదో కరెంటు తాగుతోంది. చిల్లు ఎక్కడుందో చూడకుండా పెద్ద చెంబు కొనడం వృథా.

మల్టీమీటర్ ఉందా? ఉంటే ఇలా చేయండి. డ్రైవరు డోర్ తెరిచి, డోర్ అంచున ఉండే లాక్ కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు చేయండి. డోర్ తెరిచే ఉన్నా కారు మాత్రం మూసి ఉందనుకుంటుంది. తర్వాత ఫ్యూజుల పెట్టె తీయడానికి డోర్ తెరిస్తే అన్నీ మేలుకోకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. (కొలత అయ్యాక డోర్ వేసే ముందు హ్యాండిల్ లాగి ఆ కొక్కేన్ని విడిపించండి. మర్చిపోయి దడాలున వేస్తే లాక్ విరుగుతుంది. నా కళ్ల ముందే విరిగింది.) బోనెట్ ఎత్తి నెగటివ్ టెర్మినల్ విప్పండి. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చండి. ఒక కొన విప్పిన క్లాంపుకు, రెండోది బ్యాటరీ నెగటివ్ మొలకు. ఇక ఏదీ ముట్టుకోకుండా అరగంట కూర్చోండి. పొరపాటున కూడా తాళం తిప్పవద్దు. సెల్ఫ్ మోటారు లాగే వందల ఆంపియర్లు ఆ మీటరు గుండా పోబోతే దానిలోని ఫ్యూజు ఎగిరిపోతుంది.

మొదట పెద్ద అంకె కనిపిస్తుంది, బెదరకండి. కంప్యూటర్లు ఒక్కొక్కటీ నిద్రపోయేకొద్దీ దిగుతుంది. చివర నిలబడే అంకె 0.02 నుంచి 0.05 ఆంపియర్ల మధ్య ఉంటే కారు ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఇంకో ప్రశ్న. గత ఏడాదిలో బండికి కొత్తగా ఏం పెట్టించారు?

---

లెక్కల మాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:30

గ్రీజు చేతులు గారి అంకెలకు నా వంతు గుణకారం.

0.03 ఆంపియర్లు అంటే రోజుకు 0.03 × 24 = 0.72 ఆంపియర్ అవర్లు. ముప్ఫై రోజులకు 21 పైచిలుకు. 45లో సగం పోయినట్టు. ఏ లోపమూ లేని కారు కూడా నెల రోజులు కదలకపోతే మూలుగుతుంది, ఆగిన చక్రం గారి పాత అనుభవం దీనికి సరిపోతోంది. పన్నెండు రోజుల్లో మొత్తం ఖాళీ కావాలంటే రోజుకు సుమారు 3.5 పోవాలి. అంటే 0.145 ఆంపియర్లు. మీటరు దీనికి దగ్గరలో ఏదైనా చూపిస్తుందని నా పందెం.

బ్యాటరీ తనంతట తాను కోల్పోయేది వేరే. నీళ్ల రకం సీసం బ్యాటరీ మామూలు వేడిలో నెలకు 3 నుంచి 5 శాతం కోల్పోతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలకు అది దాదాపు రెట్టింపు అవుతుంది. అయినా ఈ లెక్కలో అది చిల్లరే.

---

చిన్నబండి | మంగళవారం, రాత్రి 8:02

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. 12 వోల్టుల బ్యాటరీకి అమ్మే ప్యానెల్ మీద 18 వోల్టులు అని ఉంటోంది, ఎండలో మీటరు పెడితే 21 చూపిస్తోంది. బ్యాటరీ పాడవదా?

---

ఎండపొడ | మంగళవారం, రాత్రి 8:33

మంచి ప్రశ్న. పై ట్యాంకులో నీళ్లు కింది తొట్టిలోకి రావాలంటే ట్యాంకు ఎత్తులో ఉండాలి కదా. సీసం బ్యాటరీని నింపాలంటే దాని మీద 13.5 నుంచి 14.4 వోల్టుల దాకా రావాలి. మబ్బు పట్టినా, ప్యానెల్ వేడెక్కి వోల్టేజి పడిపోయినా, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్‌లో కాస్త పోయినా, చివరకు బ్యాటరీ దగ్గర ఆ ఎత్తు మిగలాలి. అందుకే ఈ ప్యానెళ్లలో సాధారణంగా 36 సెల్లులను వరుసగా కలుపుతారు. ఏమీ తగిలించనప్పుడు 21 దాకా, పని చేసేటప్పుడు 18 దగ్గర.

బ్యాటరీకి కలపగానే ఆ 21 కనిపించదు. చిన్న ప్యానెల్‌ను పెద్ద బ్యాటరీ తన వోల్టేజికి దించేస్తుంది. ప్రమాదం బ్యాటరీ నిండాక మొదలవుతుంది. అప్పుడు కరెంటు పోవడానికి చోటు లేక వోల్టేజి మెల్లగా పైకి పాకుతుంది.

---

నిశాచరి | మంగళవారం, రాత్రి 11:50

ఆ పాకడం ఎలా ఉంటుందో నేను చెబుతాను. 20 వాట్ల ప్యానెల్‌ను కంట్రోలర్ (బ్యాటరీ నిండాక ఛార్జ్‌ను అదుపు చేసే పెట్టె) లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపాను. ‘చిన్నదే కదా, ఏమవుతుంది’ అని అమ్మినాయన అన్నాడు, నేను నమ్మాను. రెండున్నర నెలలు బండి తీయలేదు. ఒక రోజు బోనెట్ ఎత్తితే కుళ్లిన గుడ్డు వాసన. టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంది. మూతలు విప్పి టార్చి వేసి చూస్తే నీళ్లు పలకల అంచుకు వేలెడు కిందికి దిగిపోయి ఉన్నాయి. గాలి తగిలిన భాగం బూడిద రంగులో పొట్టు లేస్తోంది. డిస్టిల్డ్ వాటర్ పోశాను, నాలుగు రోజులు నడిచింది, ఐదో రోజు పోయింది.

తర్వాత తెలిసిందేమిటంటే, నిండిన బ్యాటరీలోకి ఇంకా కరెంటు తోస్తే అది నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. నేను టార్చి వేశాను కాబట్టి ఇది రాస్తున్నాను. అగ్గిపుల్ల గీసి ఉంటే?

---

పాతకాపు | బుధవారం, ఉదయం 6:15

నేను చెబుతూనే ఉన్నాను, స్పానరు.

---

గ్రీజు చేతులు | బుధవారం, ఉదయం 8:40

పాతకాపు గారూ, మీ స్పానరు మీద నాకు గౌరవమే. కానీ టెర్మినల్ విప్పినా బ్యాటరీ లోలోపల తగ్గుతూనే ఉంటుంది. సగం ఖాళీగా ఉన్నదాన్ని విప్పి వెళ్తే సగం ఖాళీగానే వారాల తరబడి ఉంటుంది. సీసం బ్యాటరీని చంపేది వాడకం కన్నా అలా అరకొరగా పడి ఉండడమే. ఛార్జ్ తగ్గేకొద్దీ పలకల మీద సీసం సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే ఛార్జ్ చేస్తే కరుగుతుంది, వదిలేస్తే గట్టిపడి గడ్డకడుతుంది. ఆ తర్వాత ఏ ఛార్జరూ దాన్ని పూర్తిగా కరిగించలేదు.

నిశాచరి గారు చెప్పిన వాసన వస్తే బ్యాటరీ జోలికి వెళ్లకుండా ముందు ప్యానెల్ మీద గుడ్డ కప్పండి. క్లిప్పు లాగితే నిప్పురవ్వ వస్తుంది, గుడ్డ కప్పితే రాదు. గాలి ఆడనిచ్చి ఆ తర్వాత విప్పండి.

---

ఆగిన చక్రం | శనివారం, మధ్యాహ్నం 12:30

కొలిచాను. అక్కడే నేల మీద కూర్చుని అరగంట మీటరు చూడడం ఓ తపస్సు.

మొదట 1.8 ఆంపియర్లు. నాలుగు నిమిషాలకు 0.6కు దిగింది. లోపల ఎక్కడో చిన్న రిలే టక్కుమంది. ఇరవై అయిదో నిమిషానికి 0.14 దగ్గర నిలబడింది. ఇంకో పావుగంట కూర్చున్నా కదలలేదు. మాస్టారూ, పందెం మీదే.

కొత్తగా ఏం పెట్టించారని అడిగారు. ఏమీ లేదని రాయబోయి ఆగాను. ఎనిమిది నెలల కిందట మ్యూజిక్ సిస్టమ్ మార్పించాను. బండి అలవాటు తప్పింది కూడా ఆ తర్వాతే. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని అస్సలు తట్టలేదు, ఎందుకంటే తాళం తీయగానే స్క్రీను నల్లబడుతుంది.

---

గ్రీజు చేతులు | శనివారం, మధ్యాహ్నం 12:52

తీగ దొరికింది, ఇక డొంక కదులుతుంది. మీటరు అలాగే ఉంచి ఆడియో ఫ్యూజు పీకండి.

---

ఆగిన చక్రం | శనివారం, మధ్యాహ్నం 1:20

0.14 నుంచి 0.03!

---

గ్రీజు చేతులు | శనివారం, మధ్యాహ్నం 1:41

స్క్రీను నల్లబడడం వేరు, సెట్టు నిద్రపోవడం వేరు. మ్యూజిక్ సెట్టుకు రెండు పాజిటివ్ వైర్లు ఉంటాయి. పసుపుది ఎప్పుడూ బ్యాటరీతో ఉంటుంది, రేడియో స్టేషన్లు గుర్తుపెట్టుకోవడానికి. ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు అందుకోవాలి, సెట్టుకు ‘లే’, ‘పడుకో’ అని చెప్పేది అదే. బిగించేవాళ్లు తాళం లైను వెతికే ఓపిక లేకపోతే రెండింటినీ కలిపి పసుపు దారిలో కట్టేస్తారు. పాట వస్తుంది, యజమాని సంతోషంగా వెళ్లిపోతాడు. సెట్టు మాత్రం రాత్రంతా కళ్లు తెరుచుకునే ఉంటుంది. సెట్టు బయటికి లాగి వెనక చూడండి.

---

ఆగిన చక్రం | ఆదివారం, సాయంత్రం 5:10

లాగాను. నల్ల టేపు చుట్టిన ముడి, ఎండకు జిగురు కారి వేళ్లకు అంటుకుంది. విప్పితే లోపల పసుపు, ఎరుపు జడలా మెలితిప్పి ఒకే వైరుకు కట్టి ఉన్నాయి. ఎర్రదాన్ని విడదీసి తాళం లైనుకు కలిపించాను. ఇప్పుడు మీటరును మిల్లీ ఆంపియర్ల మీద పెట్టి చూస్తే 26. బిగించిన దుకాణం పేరు రాయను, వాళ్లకు వెళ్లి చెప్పాను, నవ్వారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. చిల్లు పూడింది కాబట్టి ఈ 5 వాట్ల ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపితే సరిపోతుందా? డ్యాష్‌బోర్డు మీద ఉంచితే దొంగల బెడద ఉండదు.

---

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 7:25

అవసరం: 0.026 × 24 = 0.62 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ సొంత నష్టం 0.06 కలిపితే రోజుకు 0.7 అనుకోండి.

ఆదాయం: 5 వాట్లను 18 వోల్టులతో భాగిస్తే 0.28 ఆంపియర్లు. పన్నెండు గంటల పగలు కదా అని 12తో గుణించకండి. ఆ 5 వాట్లు చదరపు మీటరుకు 1000 వాట్ల నిండు ఎండ పడుతూ, సెల్లులు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. పొద్దుటి వాలు ఎండ, సాయంత్రపు నీరెండ అన్నీ కుదించి లెక్కేస్తే మంచి ఎండ రోజున 4 నుంచి 5 గంటల నిండు ఎండ వస్తుంది. 0.28 × 4 = 1.1. ఇది బయట పెడితే.

అద్దం వెనక సంగతి ఊహించలేను, ఎవరైనా కొలిచారా?

---

ఎండపొడ | ఆదివారం, రాత్రి 8:10

ఆయన ప్యానెల్ లాంటిదే నా దగ్గరుంది. మిట్టమధ్యాహ్నం రెండు వైర్లనూ నేరుగా ఆంపియర్ మీటరుకు కలిపి చూశాను. (ప్యానెల్‌తో మాత్రమే ఇలా చేయవచ్చు, బ్యాటరీతో చేస్తే మీటరు మాడిపోతుంది.) బయట ఎండకు ఎదురుగా 0.27. డ్యాష్‌బోర్డు మీద 0.13. సగానికి సగం.

కారణాలు చాలా. ముందు అద్దం రెండు పొరలది, లేత రంగుది, వాలుగా ఉంటుంది, కొంత వెలుతురు తిప్పికొడుతుంది. వేడి ఆపే పూత ఉంటే ఇంకా తక్కువ. దాని మీద వైపర్ పుల్ల నీడ పడితే? 0.13 కాస్తా 0.04. వరుసగా కలిపిన సెల్లుల్లో ఒక్కదాని మీద నీడ పడినా ఆ వరుస మొత్తం బిగుసుకుపోతుంది, ఒక చోట పైపు నొక్కేసినట్టు.

ఇక మూసిన కారులో డ్యాష్‌బోర్డు సెగ. ప్యానెల్ ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం శక్తి కోల్పోతుంది. నేను మొదట అద్దానికి రబ్బరు కప్పులతో అతికించాను. రెండో రోజు మధ్యాహ్నానికే అవి మెత్తబడి జారిపోయాయి. ప్యానెల్ బోర్లా పడి స్టీరింగుకు సాష్టాంగ నమస్కారం చేస్తూ కనిపించింది.

---

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 8:31

అయితే 1.1లో సగం 0.55. కావలసింది 0.7. అద్దం వెనక ఈ ప్యానెల్‌తో మీరు మెల్లగా ఓడిపోతారు. ప్యానెల్ లేకుండా సగానికి పడిపోవడానికి 32 రోజులు పడితే, ప్యానెల్‌తో 150 రోజులు. అది కూడా నీడ పడకుండా, మబ్బు పట్టకుండా ఉంటేనే. మీరు వెళ్లేది రెండు మూడు వారాలకే కాబట్టి ఇదీ చాలు నిజానికి.

---

నిశాచరి | ఆదివారం, రాత్రి 10:44

చాలు అన్నది స్టార్ట్ కావడానికి చాలు. బ్యాటరీ నిండుగా ఉండడానికి చాలదు. నాకైతే 10 వాట్లు బయట, మధ్యలో కంట్రోలర్, అదే నచ్చుతుంది. కంట్రోలర్ అంటే ఇప్పుడు నాకు దేవుడితో సమానం, తెలిసిందే కదా.

---

చిన్నబండి | సోమవారం, ఉదయం 7:05

కంట్రోలర్ ఎప్పుడు తప్పనిసరి? నాది బైకు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. 5 వాట్ల ప్యానెల్‌కు అక్కర్లేదని ఎక్కడో చదివాను.

---

గ్రీజు చేతులు | సోమవారం, ఉదయం 9:20

ప్యానెల్ వాట్లు ఒక్కటే చూస్తే మోసపోతాం. ప్యానెల్ ఇచ్చే గరిష్ఠ ఆంపియర్లు బ్యాటరీ ఆంపియర్ అవర్లలో నూరో వంతు లోపు ఉంటే నీళ్ల రకం బ్యాటరీ మామూలుగా తట్టుకుంటుంది. 45కు నూరో వంతు 0.45, అందుకే 5 వాట్లు, అంటే 0.28, దానికి నేరుగా కలిపినా నడుస్తుంది. మీ బైకుకు నూరో వంతు 0.05. మీరు దానికి అయిదారు రెట్లు ఎక్కిస్తారు. రెండు మూడు వారాల్లో ఉడికిపోతుంది. మీకు కంట్రోలర్ తప్పనిసరి.

కారులో సీల్ చేసిన ఏజీఎం రకం (ఆమ్లం గాజు నార పొరల్లో ఇంకి ఉండే బ్యాటరీ) ఉన్నా పెట్టండి. ఆవిరైన నీళ్లు మళ్లీ పోసే వీలు దానికి లేదు. లిథియం బ్యాటరీ అయితే దానికోసమే చేసిన కంట్రోలర్ కావాలి.

---

ఎండపొడ | సోమవారం, ఉదయం 10:02

కంట్రోలర్ల మాట వచ్చింది కాబట్టి. 10 వాట్లకు మామూలు పీడబ్ల్యూఎం (కరెంటును ఆపుతూ వదులుతూ అదుపు చేసే రకం) చాలు. ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ శక్తి పిండే రకం) అని రాసి అమ్ముతారు. ఇంత చిన్న ప్యానెల్‌తో దానివల్ల మిగిలేది చాలా స్వల్పం, చవక వాటిలో చాలా వరకు ఆ అక్షరాలు స్టిక్కరు మీదే ఉంటాయి. చూడవలసింది వేరే: కంట్రోలర్ తాను తాగేది ఎంత? 10 మిల్లీ ఆంపియర్లు అంటే రోజుకు 0.24 ఆంపియర్ అవర్లు. మాస్టారి 0.7లో మూడో వంతు. పగలు రాత్రి వెలిగే పెద్ద డిస్‌ప్లే ఉన్నది తీసుకోకండి.

నిండాక 13.5 నుంచి 13.8 మధ్య నిలిపేది, వేడిని బట్టి ఆ అంకెను తగ్గించుకునేది దొరికితే ఇంకేం కావాలి. బ్యాటరీని ముందు కలపండి, ప్యానెల్‌ను తర్వాత. విప్పేటప్పుడు ప్యానెల్ ముందు. కంట్రోలర్ బ్యాటరీని చూసే 12 వోల్టుల వ్యవస్థ అని గుర్తుపడుతుంది, ముందే ప్యానెల్ తగిలిస్తే కొన్ని తికమకపడతాయి.

రాత్రి వెనక్కి కరెంటు పోవడం గురించి కూడా. చీకట్లో ప్యానెల్ బ్యాటరీ నుంచి కాస్త లాగుతుంది. ఆపేది డయోడ్, కంట్రోలర్‌లో ఉండనే ఉంటుంది. నేరుగా కలిపేవాళ్లు ప్యానెల్ మీద తువాలు కప్పి మిల్లీ ఆంపియర్లు కొలిస్తే తెలిసిపోతుంది.

---

పాతకాపు | సోమవారం, మధ్యాహ్నం 2:30

సరే, ఒప్పుకుంటున్నాను, మీ పద్ధతికి ఓ లెక్క ఉంది. కానీ వారానికోసారి ఎవరైనా పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఉంచితే ఈ గొడవే ఉండదు కదా?

---

లెక్కల మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 3:05

స్టార్ట్ చేయడానికి ఖర్చయ్యేది నిజంగా తక్కువే. 200 ఆంపియర్లు రెండు సెకన్లు అంటే 0.11 ఆంపియర్ అవర్లు. నిలబెట్టిన ఇంజన్ పది నిమిషాల్లో అది పూడ్చేసి ఇంకొంత ఇస్తుంది. అయితే వారం రోజుల నష్టం దాదాపు 5. అందులో చివరి భాగం ఎక్కాలంటే సీసం బ్యాటరీకి గంటలు పడుతుంది, ఎంత తోసినా అది తన తీరికగానే తాగుతుంది. పది నిమిషాల చల్లని ఇంజన్ వల్ల సైలెన్సర్‌లో నీళ్లు చేరడం అదనం.

---

గ్రీజు చేతులు | సోమవారం, సాయంత్రం 4:18

దగ్గర్లో కరెంటు ప్లగ్గు ఉన్నవాళ్లకు నా సలహా సోలార్ కాదు. గోడకు పెట్టే చిన్న ఆటోమేటిక్ ఛార్జర్. దానికి మబ్బు లేదు, నీడ లేదు. సోలార్ అనేది ప్లగ్గు లేనివాడి మందు. సెల్లార్లో కారు పెట్టేవాళ్లకు అదీ లేదు.

ఆగిన చక్రం గారూ, బోనెట్ కిందకు వైరు తెచ్చేటప్పుడు ఫ్యూజు మర్చిపోవద్దు. పాజిటివ్ మొల నుంచి జానెడు లోపల, 3 ఆంపియర్లది. చాలామంది ఫ్యూజు ప్యానెల్ కోసమనుకుంటారు. ప్యానెల్ రెండు కొనలు తాకినా ఒక ఆంపియర్ కూడా ఇవ్వలేదు. భయపడవలసింది బ్యాటరీకి. వైరు తొడుగు బోనెట్ అంచుకు ఒరుసుకుని తెగి రేకును తాకిందంటే బ్యాటరీ వందల ఆంపియర్లు తోస్తుంది, సన్న వైరు అగ్గిపుల్లలా అంటుకుంటుంది.

మీ నెగటివ్ కేబుల్ మీద చిన్న నల్ల పెట్టె లాంటిది, సన్న వైరుతో, ఉందా? ఉంటే అది బ్యాటరీ సెన్సర్. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగే కార్లలో ఉంటుంది. అప్పుడు కంట్రోలర్ నెగటివ్‌ను మొలకు కాకుండా బాడీ ఎర్త్ బోల్టుకు బిగించండి. లేకపోతే ప్యానెల్ నుంచి వచ్చింది సెన్సర్ లెక్కలోకి రాదు.

---

ఆగిన చక్రం | సోమవారం, రాత్రి 9:55

సెన్సర్ లేదు, పాత బండే. 10 వాట్ల ప్యానెల్, చిన్న కంట్రోలర్ తెస్తున్నాను. రూఫ్ క్యారియర్‌కు బిగిస్తాను. కానీ ముందు ఈ 11.4 వోల్టుల బ్యాటరీ సంగతి? ప్యానెలే నింపుతుందా?

---

లెక్కల మాస్టారు | సోమవారం, రాత్రి 10:12

నింపదు. 10 వాట్లు రోజుకు 2.2 ఇస్తే, 0.7 కారుకు, 0.2 కంట్రోలర్‌కు పోగా మిగిలేది 1.3. నలభై తిరిగి నింపాలంటే నెల రోజులు, ఆ నెలంతా సల్ఫేట్ గట్టిపడుతూనే ఉంటుంది. విప్పి తీసుకెళ్లి ఛార్జర్ మీద రాత్రంతా పెట్టించండి. తర్వాత కొన్ని గంటలు ఏమీ కలపకుండా ఉంచి కొలవండి. 12.6 పైన నిలబడితే బతికినట్టు. 12.4 ముప్పావు, 12.2 సగం, 12.0 పావు.

---

ఆగిన చక్రం | 27 రోజుల తర్వాత, ఆదివారం, ఉదయం 6:05

నిన్న రాత్రి తిరిగొచ్చాను. ఆత్రం ఆపుకుని, మాస్టారు చెప్పినట్టు తెల్లవారే దాకా ఆగాను. ఎండ రాకముందు కొలిస్తేనే బ్యాటరీ అసలు మాట చెబుతుందట.

ఛార్జర్ మీద పెట్టించి తెచ్చిన రోజు 12.58 ఉండేది. ఇరవై మూడు రోజులు కదలకుండా నిలబడ్డాక, ఇప్పుడే చూశాను, 12.71. మంచు పడి మీటరు వైర్లు చల్లగా ఉన్నాయి, చేతులు వణికి రెండుసార్లు కొలిచాను. రెండుసార్లూ అదే. తాళం ఒక్కసారి తిప్పగానే పట్టుకుంది.

ఒక పొరపాటు మాత్రం చేశాను. వైరును డోర్ రబ్బరు మీదుగా తెచ్చాను. డోర్ మూసిన ప్రతిసారీ నలిగి తొడుగు మీద గాటు పడింది. ఈ రోజు వెనక డిక్కీ వైపు నుంచి తిప్పుతాను.

---

గ్రీజు చేతులు | ఆదివారం, ఉదయం 7:30

గాటు మీద టేపు చుట్టకండి, వైరే మార్చండి. టేపు ముడి ఏం చేస్తుందో మీకు నేను చెప్పాలా?

---

పాతకాపు | ఆదివారం, ఉదయం 8:00

10 వాట్లకు కంట్రోలర్ ఏది తీసుకున్నారో ఓ ఫొటో పెట్టండి. ఊరికే అడుగుతున్నాను.

---

చిన్నబండి | ఆదివారం, ఉదయం 8:14

ఆ పాత 5 వాట్లది ఏం చేశారు? నా బైకుకు ఇస్తారా, కంట్రోలర్ నేను కొనుక్కున్నాను.

---

ఆగిన చక్రం | ఆదివారం, ఉదయం 8:40

తీసుకోండి. నీలం లైటు మీద నల్ల టేపు అంటించాను, అది అలాగే ఉంచండి.